పదకొండో పాదసూచిక

ముందు ఐదువందల తొంభై కలిపాను,
తర్వాత తొంభై ఒకటి.
ఫసలీ పదమూడు వందల యాభై మూడు, బహమన్ నెల.
అంటే నలభై మూడు పోతూ నలభై నాలుగు వస్తున్న చలి.
మా రఘోత్తం సారేమో ఇరవై ఏళ్లుగా
ఆ కవితను నలభై ఎనిమిదిలో చదువుతున్నారు,
చాక్‌పీసు పైకెత్తి
"రాత్రంటే ఏమిటి? రాజ్యం!" అంటున్నారు.

కవిత చిన్నది. ఆడెపు సాంబయ్యది.
లెక్కల పుస్తకం వెనక అట్ట మీద,
కొట్టేసిన రెండు సేర్ల జొన్నల బాకీ కింద:
"నూలు లేదు, చమురు లేదు
నా రాత్రికి అంచు లేదు."
అంతే. దాని మీద పన్నెండు పేజీలు రాశాను.
అంచంటే విముక్తి అన్నాను.
అంచంటే చరిత్ర మలుపు అన్నాను.
ఆ వాక్యం రాసిన రాత్రి
నయీంనగర్ గదిలో
నా భుజం నేనే తట్టుకున్నాను.

ఒక్క అంకె సరిచేస్తే
పన్నెండు పేజీల కింద నేల జరిగింది.
యుద్ధం ఎక్కడో, కంట్రోలు ఇక్కడ.
నూలుకు చిట్టీ, గ్యాసునూనెకు చిట్టీ.
లైబ్రరీలో పాత గెజిట్ తిప్పుతుంటే
కాగితం పెంకులై విరిగి ఒళ్లో పడింది.
"మెల్లగ మేడం," అన్నాడు అటెండరు యాకూబ్,
"అవి మనకన్న పెద్దయి."

పోచమ్మ మైదాన్‌లో ఆటో దిగి
ఆరేసిన జంపఖానాల కింద వంగి వంగి
కొత్తవాడకు పోయాను.
సాంబయ్య బిడ్డ ఈరమ్మ.
చేతుల్లో కండె లేదు, వేళ్లు చుడుతూనే ఉన్నాయి.
నా వ్యాసం చదివి వినిపించాను,
విముక్తి దగ్గర గొంతు కొంచెం తగ్గించి.

ఆమె నవ్వలేదు.
"అంచంటె అంచే బిడ్డా.
రంగు నూలు దొర్కక ఉత్త తెల్లది నేసిండు.
అంచు లేని బట్ట ఎవలు కడ్తరు?
బేరం కాదని మా అవ్వ ఏడ్సింది."
ఆగింది. నా చాయ్ మీద మీగడ కట్టింది.
"గని ఆ యేడు గత్తరొచ్చె.
తానుకు తాను అమ్ముడువోయింది.
గంత బేరం మా బాపు మళ్ల సూడలె.
సూడాలని అనుకోను గూడ అనుకోలె."

బతికినవాళ్లు కట్టని బట్ట
ఎవరికి కడతారో
చౌరస్తా దాటాక గాని నాకు అందలేదు.

గదికొచ్చి జిరాక్సు తీసి చూశాను.
జొన్నల బాకీ మీద ఆ అడ్డగీత
ఇన్నాళ్లూ నా కళ్ల ముందే ఉంది.
అప్పు తీరిన గీత.
కవిత అక్కడ మొదలైంది,
నేను దాని కింది నుంచి చదివాను.

"ఆధారం?" అన్నారు సార్.
మున్సిపాలిటీలో చావుల పుస్తకం ఉంది,
ఆ ఏడాది మటుకు చెదల పాలైంది.
"ముసలామె జ్ఞాపకం చరిత్రవుతుందా?"
కాదనడానికే అడిగారో, కావాలనో తెలీలేదు.
కళ్లద్దాలు తుడుచుకున్నారు. చాలాసేపు తుడిచారు.
"అయితే నలభై ఎనిమిది తప్పా?"
"తప్పే సార్."
"ఇరవై బ్యాచులు," అన్నారు కిటికీతో.

పదకొండో పాదసూచిక ఇలా రాశాను:
ఈరమ్మ, కొత్తవాడ. మౌఖికం.
అప్పటికి ఏడేళ్లు, ఆమె లెక్కలో.
విముక్తి ఉన్న పేజీ తీసేశాను.
మలుపు ఉన్నదీ తీసేశాను.
నాలుగున్నర పేజీలు మిగిలాయి.

సెమినార్ వాళ్ల నియమం:
నాలుగు వైపులా అంగుళం అంచు వదలాలి.
కొలిచి వదిలాను.
ప్రింటరులోంచి వెచ్చగా వచ్చిన కాగితం
చేత్తో పట్టుకోవడానికి
కాసేపు భయమేసింది.