ఉండలో దారం

కారు కొనొచ్చా అని అడిగారు కదా, భాస్కరంగారూ,
అదే, కరెంటు కారు.
ఫోన్లో అవుననో కాదనో తేలే మాట కాదిది,
అందుకని రాస్తున్నాను.

పొద్దున్నే నరసాపురంలో మా వాకిట్లో
గేదె పలుపు విప్పినట్టు వైరు విప్పుతాను.
రుస్తుంబాద, సీతారామపురం, మొగల్తూరు,
ఇంటింటికీ దారం తూచిచ్చి
అల్లిన లేసు తూచి తెచ్చుకోవడం నా పని.
తిప్పి తిప్పి కొడితే డెబ్బై కిలోమీటర్లు.
దానికి ఈ బండి చాలు. చాలడమేమిటి, మిగులుతుంది.

గట్టు రోడ్డు మీద వెళ్తుంటే
కాలవలో బాతులు తల కూడా ఎత్తవు.
చిక్కూ అదే.
ఆరబోసిన ధాన్యం పక్కన కునుకు తీసే ముసలాయనకి
నేను తల దగ్గరికొచ్చేదాకా తెలీదు.
హారన్ కొడితే ఉలిక్కిపడి లేస్తాడు,
"దెయ్యంలా వస్తావేంటమ్మా!"
ఆయ్, తప్పు నాదేనండి అంటాను.

లేసు అల్లేవాళ్ళకి ఒక విద్య ఉంది.
దారపు ఉండని అరచేతిలో ఒక్కసారి ఎగరేసి
ఈ అంచు పూర్తవుతుందో, మధ్యలో తెగుతుందో చెప్పేస్తారు.
కారు విషయంలో నాకిప్పుడు ఆ చెయ్యి వచ్చింది.
తెర మీద అంకె నూట ఎనభై అంటుంది.
ఎదురుగాలి, ఏసీ, వెనక సీట్లో మూటలు,
నా చేతికి తెలిసిన అంకె వేరు.

హైదరాబాదు ఒకసారి వెళ్ళాను, ఎగ్జిబిషన్‌కి.
దారిలో మొదటి చార్జరు మీద కాగితం అంటించి ఉంది: పనిచేయదు.
రెండోదాని దగ్గర నా ముందు ముగ్గురు.
చెట్టు నీడైనా లేని ఆ చోట
డిక్కీ ఎత్తి, అంచు మీద కూర్చుని
జానెడు లేసు అల్లాను.
బాగానే వచ్చింది.
కానీ నేను చేరేసరికి నా స్టాలు ఎవరికో ఇచ్చేశారు.
ఆ నష్టం కూడా లెక్కలో వేసుకోండి.

ఇంకొకటి చెప్పాలి.
శ్రావణంలో పంటు ఎక్కి సఖినేటిపల్లి వెళ్ళాను.
రేవు దాటడానికి నా బండికి చుక్క ఖర్చు లేదు,
పంటు డీజిల్ తాగుతుంటే
దాని మీద కూర్చుని పొగ లేని బండి నాది అనుకున్నాను.
సాయంత్రం తిరిగొచ్చేసరికి వరద.
"ఇంక తిప్పమండి" అన్నాడు సరంగు, మోకు ముడేస్తూ.
మా ఊరు అక్కడే ఉంది,
దీపాలు ఒక్కొక్కటీ లెక్కపెట్టేంత దగ్గర్లో.
చుట్టూ తిరిగి చించినాడ వంతెన మీంచి అయితే
యాభైకి దగ్గర.
ఉండలో ముప్ఫైయే ఉంది.

దీవెనమ్మ మినప్పప్పు రుబ్బుతోంది.
నా మొహం చూసి గ్రైండరు ఆపేసింది,
ప్లగ్గు పీకి, వంటింటి కిటికీలోంచి నా వైరు లోపలికి లాక్కుంది.
ఇంట్లో బల్బు కాస్త కుంగింది.
పదింటికి కరెంటు పోయింది.
ఆమె మంచం మీద నేను, చాప మీద ఆమె.
ఏ రెండున్నరకో నన్ను తట్టి లేపింది,
"లెగండమ్మా, మీ బండి మళ్ళీ తాగుతోంది."

పొద్దున్న ఇడ్లీ లేదు. పిండి సగంలోనే ఉంది మరి.
చద్దన్నం, మాగాయ పెట్టింది.
డబ్బులిస్తే, బిల్లు రానీండి చూద్దాం అంది.
పుస్తకంలో రాసుకున్నాను:
దీవెనమ్మ, లేసు పద్దెనిమిది మూరలు.
దీవెనమ్మ, కరెంటు ఒక రాత్రి.
రెండో దానికి ఎదురుగా
ఏ అంకె వెయ్యాలో ఇప్పటికీ తేలలేదు.

కొనమనీ అనను, వద్దనీ అనను.
మీరు తిరిగే దారుల్లో
ఎవరింట్లో గ్రైండరు ప్లగ్గు ఉందో,
ఎవరు దాన్ని మీకోసం పీకుతారో
ముందు చూసుకోండి.

అన్నట్టు, మీ కొట్లో నా సన్నదారం ఉండలు
ఆరు ఉండిపోయాయి.
గుమాస్తా చేత పంపండి,
లేదా నేనే వస్తాను, పాలకొల్లు ఎంతలో.