ఐదో పేరుకి వదిలిన జాగా

నెలకో శనివారం ఇక్కడ గడ్డి కొయ్యడం నా వంతు.
ఇరవై తొమ్మిదేళ్లు ఈ లోయలో బస్సు నడిపాను.
నేను ఎక్కించుకున్న వాళ్లలో సగం మంది
ఇప్పుడు ఇక్కడే దిగిపోయి ఉన్నారు.

వేల్స్ కొండని కోసి పలకలు తీసిన ఊరు మాది.
ఇంటి కప్పు మీద పలక,
బడిపిల్ల ఒళ్లో పలక,
చివరికి తలాపున పలక.
ఒకటే కొండ, మందాలే వేరు.
వానలో నల్లగా ఉంటుంది,
కాస్త ఎండ తగిలితే పావురం మెడలా ఊదాగా తిరుగుతుంది.

పేర్లు చదవక్కర్లేదు నాకు.
అక్షరం తోక చూస్తే చెక్కిన చెయ్యి తెలుస్తుంది.
మేరిగ్ అక్షరాలు
ఎదురుగాలిలో నడిచే మనిషిలా ముందుకి వంగి ఉంటాయి.
అతని కొడుకువి నిటారు.
వాడికి భక్తి ఎక్కువ, ఓపిక తక్కువ:
వయసు వెయ్యడం మరిచిపోయిన రాళ్లు మూడున్నాయి.

పడమటి వరసంతా మగవాళ్లు.
నలభై రెండు, ముప్పై తొమ్మిది, నలభై నాలుగు.
తల నెరిసే తీరిక ఎవరికీ దొరకలేదు.
కొండ మీద పడి చచ్చింది కొందరే,
మిగతావాళ్ల ఊపిరితిత్తుల్లోకి రాయి పిండిలా దిగి
నింపాదిగా పని ముగించింది.
కంపెనీ డాక్టరు మాత్రం
మీరు టీ మరీ మరగబెట్టి తాగుతున్నారన్నాడు.
తాతయ్య పోయాక ముప్పై ఏళ్లు
మా నాయనమ్మ టీ పల్చగానే కాచింది.

ఉత్తరం గోడ నీడలో పదకొండు మంది,
మూడు చలికాలాల సమ్మెలో
మధ్యలోనే పనికెళ్లిన వాళ్లు.
ఊరు వాళ్లకి రొట్టె అమ్మలేదు,
మందిరంలో పక్కన కూర్చోలేదు,
శవాన్ని ముందు గేటులోంచి రానివ్వలేదు.
పలకరించని వాళ్లకీ పలక మాత్రం పెట్టారు.
ఇథెల్ సమాధి మీద పరిచిన రాయికి
పేరు కింద అరచెయ్యంత గుంట.
ఎవరో ఒక రాత్రి మేకుతో ద్రోహి అని గీశారు.
ఎవరో ఇంకో రాత్రి ఆ మాటని అరగదీసి అరగదీసి
లేకుండా చేశారు.
గీసింది సొంత అన్న ఇదవల్ అంటారు.
చెరిపిందీ అతనే అంటారు.
నాకు తెలిసిందల్లా,
వాన వెలిశాక అందులో నీళ్లుంటాయి,
ఓ బుల్లి పిట్ట వచ్చి తాగుతుంది.

ఇక ఇది, నేను చివర్న కోసే చోటు.

కంఠసర్పి వచ్చిన ఏడు,
పదకొండు రోజుల్లో ఒకే ఇంట్లో నలుగురు.
కెతిన్, ఒసియన్, లీసి,
ఇంకా పేరు పెట్టని చంటిది.
ఐదోది టెగ్వెన్ కూడా మంచాన ఉంది.
మేరిగ్ లెక్క తెలిసిన మనిషి.
నలుగురినీ చెక్కి
ఐదో పేరుకి కింద జాగా వదిలాడు.

టెగ్వెన్ బతికింది.
బడికి వెళ్తూ వెళ్తూ ఇక్కడ ఆగి
ఆ జాగాలో బలపంతో తన పేరు తనే రాసుకునేదట.
వాన చెరిపేది. మళ్లీ రాసేది.
అక్షరాలు అలా వచ్చాయి ఆమెకి.
తర్వాత నలభై ఏళ్లు ఊరి పిల్లలందరికీ నేర్పింది,
నాకైతే చెవి మెలిపెట్టి మరీ.

తొంభై మూడో ఏట, ఆసుపత్రిలో,
అడగలేక అడిగాను: ఆ జాగాలో చెక్కించమంటారా టీచర్?
"జన్మంతా తప్పులు దిద్దాను.
మేరిగ్ చేసిన ఆ ఒక్కటీ వదిలెయ్యరా" అంది.

మేనల్లుడు లివర్‌పూల్ నుంచి వచ్చి
ఆమెకి నల్ల గ్రానైట్ పెట్టించాడు.
క్వారీ మూసేశారు కదా.
ఎండలు మండే ఏదో దేశం నుంచి ఓడలో వచ్చిన రాయట.
అక్షరాలు మిషన్‌వి, ఇంగ్లీషువి, ఏవీ వంగవు.
ముందు గడ్డి కోస్తుంటే
అందులో నా మొహమే కనిపించి ఉలిక్కిపడతాను.

పోయిన శనివారం,
నలుగురి కింది ఖాళీలో తెల్లగా ఏదో.
సుద్దముక్క రాత. ఎవరి పిల్లో తెలీదు,
కొత్తగా వచ్చిన వాళ్ల పిల్లేమో.
పేరులో రెండో అక్షరం తిరగబడింది.

దిద్దలేదు.
మిషన్ ఆపి, ఆ రాయి చుట్టూ
కత్తెరతోనే కోశాను.
ఐదింటికి వాన అని రేడియోలో చెప్పారు.