రెండు రాగి కాసులు

శనివారం రాత్రి, నరసాపురం.
లేసు గోడౌను మేడ మీద
మేం కూర్చునే చోట ఒక చాప ఖాళీ.

మూడు వారాల కింద మల్లిబాబు పాత్ర చచ్చిపోయింది.
ఇరవై ముఖాల పాచిక ఒకటి చూపించింది, అంతే.
బూడిదకోట గుమ్మంలోనే
ఉప్పుకత్తి వీరన్న కూలిపోయాడు.
మల్లిబాబు లేచి చెప్పులేసుకుని
"చెరువు కాడ ఏరేటర్లు చూసుకోవాలి" అని మెట్లు దిగాడు.
రొయ్యల చెరువు నిజమే.
కోపం కూడా నిజమే.

ఇవాళ ఆ చాప మీద ఎస్తేరు రాణి.
మాధవాయిపాలెం రేవులో పంటు టిక్కెట్లు కోస్తుంది.
వస్తూ వస్తూ అందరికీ వేరుశెనక్కాయలు తెచ్చింది.

నా రాజ్యం
లేసు నమూనాలు గీసే గళ్ళ కాగితం వెనక ఉంది.
సూర్యుడు పొడవడానికి జడిసే దేశం,
దాని నడుమ నల్లేరు అనే నది.
చింతపిక్కలు దయ్యాలు, గవ్వలు ఊళ్ళు,
చొక్కా గుండీలు మేం.

ఆట నడిపేది నేను.
కథ మధ్యలో మనిషిని దించడం ఎంత పని అనుకున్నా.
అమ్మ దారం అయిపోతే కొత్త ఉండ అందుకుని
ముడి ఎవరికీ కనపడకుండా అల్లేసేది.

"కోట కింద చెరలో ఉంటావు, గొలుసులతో.
వీళ్ళొచ్చి విడిపిస్తారు."
"అయితే బతికినన్నాళ్ళూ వీళ్ళకి రుణపడాలాండి?"

"పోనీ సారాకొట్టు మూల, ముసుగేసుకుని."
సుబ్బరాయుడు కాయ ఒలుస్తూ నవ్వాడు:
"ముసుగులోళ్ళు ఇప్పటికి నలుగురయ్యారు గురూ,
ముగ్గురు ముంచారు."

"సరే, నల్లేటి వరదలో కొట్టుకొస్తావు.
దూలం పట్టుకుని. ఏమీ గుర్తుండదు నీకు."
ఎస్తేరు కాస్సేపు మాట్లాడలేదు.
"వరదలో కొట్టుకొచ్చినోళ్ళని చూశానండి నేను.
వాళ్ళకి అన్నీ గుర్తుంటాయి."

ఫ్యాను కిరకిరలాడింది.
మంత్రగాడి వేషంలో ఉన్న వెంకటరత్నం
తన శాపాల చీటీలు ఊరికే సర్దుకున్నాడు.

ఆమె నా నోటుపుస్తకం లాక్కుని మొదటి పేజీ తీసింది.
"మొదటి రాత్రి మీరు నది దాటారు కదా.
ఎవరు దాటించారు?"

నా చేతిరాతే.
*పడవ మనిషి. రెండు రాగి కాసులు.*
పేరు లేదు.
ఆడో మగో కూడా రాయలేదు.

"అది నేనండి."

ఎనిమిది నెలలు అటూ ఇటూ తిరిగింది నా పడవలోనే, అంది.
మీ గాయాల నెత్తురు కడిగింది నా నీళ్ళతోనే.
గురువుని చంపాలని గుసగుసలాడుకున్న రాత్రి
తెడ్డు చప్పుడు మీకు వినపడిందా,
నేను ఆపేశాను.

సుబ్బరాయుడి చేతిలో కాయ అలాగే ఉండిపోయింది.

"వీరన్న శవాన్ని గుమ్మంలో వదిలేసి పారిపోయారు మీరు.
నేనెళ్ళి తెచ్చుకున్నా.
రెండు కాసులు బాకీ ఉన్నాడు నాకు.
కత్తి నా పడవ అడుగున ఉంది."

"మరి ఇన్నాళ్ళూ నోరెందుకు విప్పలేదు?" అన్నాడు వెంకటరత్నం.
"చిల్లర తీసుకున్నాక ఎవరాగుతారండి?"

ఆమెకి గుండీ ఇవ్వబోయాను.
వద్దంది. పర్సులోంచి చిరిగిన పంటు టిక్కెట్టు తీసి
నల్లేటి మధ్యలో పెట్టింది.
ఎర్ర కాగితం, వంకర చింపు.
ఎంత దూరాన్నుంచైనా కనపడుతుంది.

రాత్రి ఒంటిగంటకి మల్లిబాబుకి మెసేజి పెట్టాను:
నీ కత్తి దొరికింది.
చెరువు గట్టు మీద మెలకువగానే ఉన్నట్టున్నాడు.
ఎవరి దగ్గర, అన్నాడు.

నది దాటించే ఆవిడ దగ్గర, అని కొట్టాను.
పేరేంటి, అన్నాడు.

అప్పుడు గుర్తొచ్చింది,
ఆట ముగిసేదాకా
మాలో ఒక్కడూ అడగలేదు.