లోవోల్టేజి

కుతాయిసిలో ఆ చలికాలం
కరెంటు రాత్రి రెండింటికి వచ్చేది,
నాలుగు కాకముందే పోయేది.
ఒక్కోసారి ఆ రెండు కూడా వట్టి పుకారే.

మూతబడ్డ పట్టుమిల్లు నేలమాళిగలో
కోట్లు విప్పకుండా కాచుకునేవాళ్ళం:
గిటారుతో బద్రి, బేసుతో లమ్జీరా,
డ్రమ్ముల వెనక ఓతియా, పాడటానికి నానీకో,
టేపు మిషను దగ్గర నేను.
బ్యాండు పేరు నవ్తి. మా భాషలో కిరోసినాయిలు.
పేరు పెట్టిన రోజు
మా దగ్గర ఉన్నదీ అదే, లేనిదీ అదే.

బల్బు ముందు ఎర్రగా వణికేది, తర్వాత పసుపు.
పసుపు రాగానే నేను వేలెత్తాలి,
ఓతియా పుల్లలతో నాలుగు దెబ్బలు కొట్టాలి.
తప్పు పోతే దిద్దుకునే తీరికెక్కడిది?
తప్పుతోనే ముందుకు.
లమ్జీరా చేతితొడుగుల కొసలు కత్తిరించుకుని వాయించేది.
మైకుకి నా మేజోడు తొడిగాను.
(ఉతికిందే. నానీకో మాత్రం ఈనాటికీ నమ్మదు.)
గోడలకి, మిల్లులో మిగిలిపోయిన
పట్టుగూళ్ళ బస్తాలు వేలాడదీశాం.
బేసు లోతుకి దిగినప్పుడల్లా
గూళ్ళలో ఎండిన పురుగులు గలగలమనేవి.
మొదటి ఆల్బం విన్న ఒక విమర్శకుడు
ఆ గలగలని కొత్తరకం తాళమని మెచ్చుకున్నాడు.
మేమేం కాదనలేదు.

ఏడో పాట తొమ్మిది రాత్రులు తినేసింది.
పదో రాత్రి
రియోని నది మీద మంచు పడుతున్న చప్పుడు కూడా లేదు,
అన్నీ కుదిరాయి.
నానీకో చివరి మాటని పట్టుకుని, వదలకుండా సాగదీస్తోంది.
బల్బు పసుపు నుంచి ఎరుపుకి జారింది.
మిషను మోటారు కాళ్ళీడ్చింది.
నేను చెయ్యి కదపలేదు. తనూ ఆపలేదు.
చీకటి.

మర్నాడు రాత్రి వెనక్కి తిప్పి విన్నాం.
టేపు నీరసించిన చోట పట్టిన స్వరం
మామూలు వేగంలో ఆడిస్తే పైకి లేస్తుంది,
ఇది ఎవరైనా చెప్పే లెక్కే.
అయినా ఐదుగురం నోళ్ళు తెరుచుకున్నాం.
అక్కడ నానీకో గొంతు
నానీకోని వదిలేసి
ఎక్కుతోంది, ఎక్కుతోంది,
సూదంత సన్నమై తెగిపోయింది.
"అది నేను కాదు," అంది.
"కరెంటాఫీసు వాళ్ళు పాడారు," అన్నాడు బద్రి.
అలాగే ఉంచేశాం.

క్యాసెట్ నుంచి క్యాసెట్‌కి, బజారు నుంచి బస్సుకి
ఆ పాట మాకన్నా ముందు ఊళ్ళు తిరిగింది.
స్టేజీ మీద మాత్రం ప్రతిసారీ పరువు తీసేది.
జుగ్దిదిలో నానీకో ప్రయత్నించి దగ్గింది.
బతూమిలో బద్రి గిటారు తీగ మెలిపెడితే తెగి
బుగ్గ మీద గీత పడింది.
రెండో ఆల్బం ఆ కచేరీల్లోదే.
దాని నిండా జెనరేటరు రొద,
మధ్యమధ్యలో కాస్త సంగీతం.

మూడోది లైప్‌జిగ్‌లో.
ఎప్పుడూ పోని కరెంటు, తెల్లటి గోడలు, ఉచితంగా కాఫీ.
ఏడో పాట మళ్ళీ రికార్డు చేశాం.
ఓతియా నాలుగు కొట్టి, తల పైకెత్తి, బల్బు వైపు చూశాడు.
నవ్వాం గానీ, ఆ టేకు పనికిరాలేదు.
ముప్ఫై ఒకటో టేకు ఉంచారు.
చివర శుభ్రంగా, నున్నగా,
ఆసుపత్రి దుప్పటిలా మడిచి పెట్టారు.

ఆ ఎండాకాలం కుతాయిసి స్టేడియంలో కచేరీ.
నా ముందు కొత్త మిక్సరు, ముప్ఫై రెండు మీటలు.
ఏడో పాట వచ్చింది.
లైప్‌జిగ్‌లో నేర్చినట్టే ముగించారు.
ఓతియా తాళాల మీద చెయ్యేసి మోత ఆపేశాడు.
నానీకో నమస్కరించడానికి వంగింది.

జనం ఆపలేదు.
ఆ మాటని పట్టుకుని
పైకి తీసుకుపోతున్నారు,
అచ్చం క్యాసెట్‌లోలాగే,
మోటారు కాళ్ళీడ్చిన అంచు దగ్గర మలుపుతో సహా.
మగ గొంతులు ముందే పగిలి రాలిపోయాయి.
తర్వాత అమ్మలు.
చివరికి ఎక్కడో వెనక వరసల్లో
పదేళ్ళు కూడా లేని పిల్లలు,
ఆ చలికాలానికి ఇంకా పుట్టనివాళ్ళు,
సన్నగా, ఇంకా సన్నగా.

వంగిన నానీకో అలాగే ఉండిపోయింది.
ముప్ఫై రెండు మీటల మీద
నా పదివేళ్ళకీ పనిలేదు.
తలెత్తి దీపాల వైపు చూశాను, పాత అలవాటు.
ఒక్కటీ వణకడం లేదు.