నీడో డబ్బా

సీబ్ దగ్గరి యూనివర్సిటీల
మూడో అంతస్తు, చీకటి గది.
మిషన్ల దుమ్ము తుడుసుడు, వైర్లు సుట్టుడు నా పని.
అయిపోయినంక సుత ఎనుక కుర్చీల కూసుంట,
ఎవ్వరూ పొమ్మనరు.

ఈ సెమిస్టర్ పాఠం
గల్ఫ్‌ల ఆడిన ఇండియా సినిమాలు, వాటిని చూసినోళ్లు.
చూసినోళ్లల్ల నేనొకణ్ణని
డాక్టర్ మునాకు ఎరుక లేదు.

రువీల కూలగొట్టిన టాకీసు గోదాంల
ఒక తెలుగు సినిమా దొరికిందంట,
పన్నెండు రీళ్లల్ల తొమ్మిదే.
రంగులన్నీ సచ్చిపోయి గులాబొక్కటే మిగిలింది.
హీరో గులాబి, సముద్రం గులాబి,
పోలీసోళ్ల లాఠీలు సుత గులాబి.
పడవ పాటల హీరో అంగీ పసుపుదని
ఈ గదిల నా ఒక్కనికే తెలుసు.

ఏడో రీలు. తమ్ముని శవం ఇంటికొస్తది.
మొకం మీది గుడ్డ తీస్తడు అన్న,
టక్కున
అదే అన్న, పడవ మీద, పాట.

మునా బటన్ ఒత్తి ఆపింది.
ఎనుకకు, ముందుకు, మల్ల ఎనుకకు.
"చూడండి, ఏడుపు లేదు.
దుఃఖానికి టైమియ్యని కాలం ఇది.
దర్శకుడు కావాలనే ఇక్కడ మౌనం పెట్టిండు."
ఇరవై ముగ్గురు పిల్లలు రాసుకున్నరు.
నాకు నవ్వొచ్చింది. దగ్గినట్టు చేసిన.

మౌనం పెట్టింది దర్శకుడు కాదమ్మా, కత్తెర.
కత్తెర పట్టింది మెట్‌పల్లి పోశెట్టి,
నెలకు అరవై రియాళ్ల అసిస్టెంట్ ఆపరేటరు.

శుక్రవారం రెండో ఆటకు
ఘలా క్యాంపు బస్సులు ఆరు ఒచ్చేటివి.
పదిన్నరకు డ్రైవర్ హారన్ కొట్టిండంటే అంతే,
మిగిలినోడు చీకట్ల నడవాలె.
మేనేజర్ వర్గీస్ గడియారం సూసి
"మూడు నిమిషాలు తగ్గించు పోశెట్టీ" అన్నడు.
పాట కోస్తే కుర్చీలు ఇరుగుతయి.
ఫైటు కోస్తే నా చెయ్యి ఇరుగుతది.
ఏడుపు కోసిన.
సిమెంటు పూసి, ఊది, అతికిచ్చిన.
ప్రింటు వాపస్ పోయేనాడు మల్ల కలపాలె.
ప్రింటు వాపస్ పోలే.

ఒక్కడడిగిండు.
రాజలింగం, సిరికొండోడు, సెంట్రింగ్ పని.
"ఏందిర, తమ్ముడు సస్తే గంతేనా? పడవెక్కుతడా?"
బస్సు కోసం కోసిన్నని చెప్పిన.
"ఆ ముక్క ఎప్పుడన్న సూపియ్యి" అని బస్సెక్కిండు.
మల్ల నెలల పరంజా మీదికెంచి పడ్డడు.
పెట్టె మంగళవారం పోయింది.
శుక్రవారం ఆరు బస్సులు టైముకే ఒచ్చినయి.
పడవ పాటకు ఈలలు పడ్డయి.
నేను కార్బన్ కడ్డీ సరిజేసుకుంట నిలవడ్డ.

క్లాసైనంక రహ్మా అనే పిల్ల ఎనుకకొచ్చింది.
"అంకుల్, ఎందుకు నవ్వినవు?"
చెప్పిన. బస్సు చెప్పిన, వర్గీస్‌ను చెప్పిన,
సిమెంటు వాసనకు తల తిరుగుడు చెప్పిన.
రాజలింగాన్ని చెప్పలే.
గబగబ రాసుకొని తలెత్తింది.
"అయితే మా మేడం చెప్పింది తప్పా?"

గప్పుడు నోరు రాలే.
తప్పని ఎట్లంట?
టైమియ్యలే, నిజమే గద.
ఇయ్యనిది బస్సా, వర్గీసా, నేనా,
ఆ లెక్క పరీక్షల అడుగుతరో లేదో.

రూముల మంచం కింద నీడో పాల డబ్బా ఉన్నది.
నేను దాన్ని నీడల డబ్బా అంట.
రెండు వందల డెబ్బై అడుగులు, సుట్టసుట్టి.
మూత తీస్తే పాడైన మామిడి తొక్కు వాసన.
రాత్రి ట్యూబ్‌లైటుకు పెట్టి సూసిన.
గులాబి అన్న నోరు తెరిచిండు.
మల్ల ఫ్రేముల ఎంట్రుక వాసి ఎక్కువ తెరిచిండు.
అంచుకు సౌండు గీత సన్నగ వణుకుతున్నది,
చెవికి పెట్టుకుంటే సల్లగ తాకింది, అంతే.

రేపు బుధవారం, మల్ల మునా క్లాసు.
డబ్బా కవర్ల పెట్టిన. తీసిన. మల్ల పెట్టిన.
ఆమె దీనికేం పేరు పెడుతదో పెట్టనీ.
ముందుగాల ఒక్కపారి
ఆపకుంట, ఎనుకకు తిప్పకుంట
మూడు నిమిషాలు ఆడియ్యమంట.
క్లాసు అయిదుంబావుకు ఒడుస్తది.
స్టాఫ్ బస్సు అయిదున్నరకు.