ఇంకా రెండున్నర గంటలు

మూడేళ్ళకోసారి
నాకింకా వినడం వచ్చునని రుజువు చూపించాలి.
డ్రైవింగు లైసెన్సుకి కళ్ళు చూస్తారు,
నా కోచింగు లైసెన్సుకి చెవులు.

నలభై గంటలు చదవాలన్నారు.
ముప్ఫై ఏడున్నర చదివాను.
నీతి నియమాల కోర్సయితే
హొరమావు నుంచి సిల్క్‌బోర్డు దాకా
బస్సులో నిలబడే ముగించాను.
"క్లయింటు చెప్పిన రహస్యం ఎవరెవరికి తెలియవచ్చు?"
నాలుగు జవాబులు.
పక్కాయన నా ఫోన్లోకి తొంగిచూసి
"మూడోది నొక్కండి మేడం" అన్నాడు.
నొక్కాను.
సరిపోయింది.

మిగిలిన రెండున్నర గంటలూ
మెంటరు ముందు కూర్చోవాలి.
అనఘ హెగ్డే.
పీణ్యా గార్మెంట్సులో నేను చేసిన సర్వీసుకంటే
రెండేళ్ళు చిన్నది.

నా రికార్డింగు పెట్టింది.
అందులో మాట్లాడుతున్నతని పేరు మార్చాను,
ఓబులేసు అందాం.
ఆఫీసులో అతని పేరుని సగానికి కత్తిరించి పిలుస్తారు,
ఆ సంగతి మాత్రం మార్చలేదు.

"పదకొండో నిమిషం. ఇక్కడేం జరిగింది?"
ప్రశ్న అడిగాను, చాలా మంచి ప్రశ్న, అన్నాను.
"దానికి ముందు?"
ఏమీ లేదు.
"మళ్ళీ వినండి."

ఫ్యాను.
కింద నీళ్ళ ట్యాంకరు వెనక్కొస్తూ పాడే పాట.
ఎవరింట్లోనో కుక్కరు.
ఆ తర్వాత, గంటసేపు ఇంగ్లీషులో నడిచిన మాటల్లో
ఒకే ఒక్క తెలుగు మాట:

"ఏమోనమ్మా..."

దాని మీదే పడింది నా గొంతు,
"మీ దృష్టిలో విజయం ఎలా ఉంటుంది?" అంటూ,
పొంగబోయే పాలమీద
చెయ్యి ముంచి నీళ్ళు చిలకరించినట్టు.

ఆ మాటకి అర్థమేమిటని అడిగింది అనఘ.
తెలీదు అని, అన్నాను.
కాదు, తెలుసేమో.
తెలిసి చెప్పాలో వద్దో తెలీకపోవడం.
నువ్వు ఇంకోసారి అడిగితే చెబుతాననడం.
అడక్కపోతే బతికిపోయాననడం.

"మాలో 'ఏనో' అంటాం" అందామె,
అని, ఇంకేమీ అనలేదు.

నాకు గుర్తుకొచ్చింది
పీణ్యాలో నా గాజు గది.
పని మానేసే ప్రతి అమ్మాయినీ కూర్చోబెట్టి
ఎందుకు మానేస్తున్నావని అడగాలి, రూలు.
మడకశిర నుంచీ హిందూపురం నుంచీ
తెల్లారకముందే రైలెక్కి వచ్చే పిల్లలు
సూది గుచ్చుకున్న వేళ్ళని చున్నీలో దాచుకుని
"ఏమో మేడం" అనేవారు.
వ్యక్తిగత కారణాలు, అని టిక్కు పెట్టేదాన్ని.
ఒక్కొక్కరికి నాలుగు నిమిషాలు.
ముప్ఫై ఒక్క ఏళ్ళు.

తెరమీద గడియారం నడుస్తోంది.
అనఘ మాట్లాడలేదు,
నేను మాట్లాడలేదు.
ఆ మౌనాన్ని కూడా గంటలో కలిపి రాసిందామె.

గురువారం ఓబులేసు వచ్చాడు.
కాచుకుని కూర్చున్నాను,
ఊపిరి కూడా చప్పుడు కాకుండా.
టార్గెట్లు చెప్పాడు, అప్రైజలు చెప్పాడు,
కొత్త మేనేజరు మంచివాడేనన్నాడు.
ఆ మాట మాత్రం అనలేదు.
ఒకసారి చల్లారిన పాలు.

ఇవాళ గంటలు నిండాయి.
చివరి పేజీలో ఒక ఖాళీ డబ్బా:
ఈ మూడేళ్ళలో ఏం నేర్చుకున్నారు?
కనీసం యాభై పదాలు.

ఏమో, అని కొట్టాను.
ఇంకా నలభై తొమ్మిది కావాలంది.

నాగవేణి.
షాకిరా.
లింగమ్మ, ఎడమచేత్తో కుట్టేది.
చౌడమ్మ.
ఇద్దరు గంగరత్నలు, పొడుగామె, పొట్టామె...

పందొమ్మిది దాకా వచ్చి ఆగాను.
మొహాలు వస్తున్నాయి, పేర్లు రావడం లేదు.
గడువు ఇంకా ఆరు రోజులుంది.