అంటు కింద

హుద్‌హుద్ పోతూ పోతూ మా బాదం చెట్టుని
వేళ్ళతో సహా పెకిలించి
పక్కింటి రేకుల మీద పడుకోబెట్టింది.
మాకు మిగిలింది గొయ్యి.
కంచరపాలెంలో ఇంటి పక్కన ఎనిమిదడుగుల జాగా,
అందులో ఒకే ఒక్క గొయ్యి,
దాని గట్టున చెరో వైపు మేమిద్దరం.

కానుగ వేద్దామన్నాడు పరదేశి.
ముప్ఫై రెండేళ్ళు పోర్టు క్రేన్ మీద
ఇనప గదిలో వేగి దిగిన మనిషి.
నీడ సంగతి ఎత్తితే
బట్టల కొట్లో తానులు తడిమినట్టు మాట్లాడతాడు:
"ఏప నీడ పల్చన, గాజుగుడ్డ.
కానుగ నీడంటే తడిపిన గోనె. కప్పుకుని తొంగోవచ్చు."

నేను సపోటా అన్నాను.
చెట్టన్నాక చేతిలో ఏదో ఒకటి పెట్టాలి కదా.
మా అమ్మ బియ్యం డబ్బాలో దాచి మగ్గబెట్టేది;
మూడో రోజుకి అన్నం కూడా
సపోటా వాసనేసేది.

"కాయలేటి తింతావే, పోర్టు బొగ్గు నంజుకునా?
ఆకు మీద ఏలెడితే కాటుక."
"కడుక్కు తింటాను. నీ నీడని కడగ్గలవా?"

ఆదివారం పొద్దున్నే బట్టల గెడ తెచ్చి
గోతిలో నిలబెట్టాడు.
నన్ను ముగ్గు డబ్బా పట్టుకు రమ్మన్నాడు.
గంటగంటకీ నీడ ఎక్కడుందో అక్కడ గీత.
ఎనిమిదింటి నీడ, పదింటి నీడ
గోడ దాటి సందులోకి పోయి
నూకరత్నం ఇస్త్రీ బండి చక్రాల దగ్గర ఆగాయి.
మిట్టమధ్యాహ్నం గోతిలోకే ముడుచుకుంది.
మూడింటికి మెల్లిగా మా వంటింటి కిటికీ ఎక్కింది.
"సూసినావా, పొద్దుట ఊరికి, సాయంత్రం నీకు."

నేను ముగ్గు డబ్బా మూత బిగించి
సబ్బవరం బస్సెక్కాను.

నర్సరీ కుర్రాడు మోచెయ్యంత అంటు ఇచ్చాడు
నల్ల కవరులో, నడుముకి ప్లాస్టిక్ కట్టుతో.
"కట్టు కింద చిగురొస్తే గిల్లియ్యాలమ్మా,
మర్చిపోకండి."
మర్చిపోయాను.

రెండో నెలలో దేముడమ్మ మేక
గేటులోంచి దూరి
కట్టు పైనున్నదంతా తీరిగ్గా నమిలి పోయింది.
మేకనీ, దేముడమ్మనీ, గడియ వెయ్యని పరదేశినీ
ఒక్క ఊపిరిలో తిట్టాను.
వానలకి కట్టు కింద నుంచి చిగురేస్తే
బతికిందనుకున్నాను.
చేపలు కడిగిన నీళ్ళు పోశాను, గుడ్డు పెంకులు వేశాను.
నిదానమైన చెట్టు. మాట వినని కొమ్మలు.
ఆకు మాత్రం దట్టం, సూది దూరదు.
ఏడేళ్ళు ఒక్క కాయ లేదు.
నూకరత్నం బండి మటుకు పదయ్యేసరికి
ఎప్పుడో చెరిగిపోయిన ముగ్గు గీత దగ్గరికి
దానంతటదే జరిగినట్టు జరిగేది.

ఎనిమిదో ఎండాకాలం కాసింది.
వేపకాయంత. పచ్చగా పసుపు కొమ్ము రంగు.
గోడ మీంచి చూసి నూకరత్నం నవ్వింది:
"ఇది పాల సెట్టమ్మా! మాడుగుల కొండకాడ
సిన్నప్పుడు ఇయ్యే తినీవోళ్ళం.
సపోటాకి దీన్నే కింద కడతారు.
పైది పోతే కిందది లెగుస్తాది."

పరదేశి ఆ నీడలోనే నవారు మంచం మీద
నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు.
నెగ్గిన సంగతి ఆయనకింకా తెలీదు.
గుప్పెడు కోసి కొంగుతో తుడిచాను,
కొంగు నల్లబడింది.
నోట్లో వేసుకున్నాను. తియ్యగానే ఉన్నాయి,
కాసినన్నీ కలిపితే ఒక సపోటా అవుతుందేమో.

లేపి చెబుదామనుకున్నాను
నువ్వు నెగ్గావని, అయినా నేను ఓడలేదని.
పాలు పట్టి పెదాలు రెండూ
ఒకదానికొకటి అంటుకుపోయాయి.

ఉండనీ.
వంటింటి కిటికీ దాకా నీడ వస్తేగానీ
ఈయన ఎలాగూ లేవడు.